విమానం పాయింట్లు

మనోజ చేతుల మీదుగా ఏడాదికి ఎన్ని పట్టుచీరలు వెళతాయో చూస్తే, జూబ్లీహిల్స్‌లో ఏ ఇంటి కోడలి బీరువా అయినా చిన్నబోవలసిందే. అయితే ఆ చీరలు రావడం ఎంత నిజమో, పోవడమూ అంతే నిజం. ఆమె సంహిత అనే కాస్ట్యూమ్ డిజైనర్ దగ్గర అసిస్టెంటు. సినిమాలో హీరోయిన్ అమ్మకి నాలుగు చీరలు కావాలంటే మనోజ కొట్టుకి వెళ్ళి ఇరవై తెస్తుంది. కట్టి చూస్తారు, ఫొటోలు తీస్తారు, డైరెక్టరు గడ్డం గోక్కుంటాడు, చివరికి నాలుగు ఉంచుకుంటారు. మిగతావన్నీ మడత చెడకుండా, ట్యాగు తెగకుండా మళ్ళీ కొట్టుకి వెళ్ళిపోతాయి. కృష్ణానగర్‌లో చాలామంది బతుకు ఇలాంటి రాకపోకల మీదే నడుస్తోంది.

ఒకప్పుడు కొట్టువాళ్ళు మనిషి ముఖం చూసి మూట ఇచ్చేవాళ్ళు. ఒకరిద్దరు మూటతో సహా మాయమయ్యేసరికి ఆ మర్యాద కాస్తా పోయింది. ఇప్పుడు ముందు బిల్లు కట్టాలి. వాపసు తెచ్చినవాటికి డబ్బు తిరిగి వేస్తారు. ఆ ముందు కట్టే డబ్బు ఎవరు తేవాలి? నిర్మాత ఆఫీసులో అడిగితే క్యాషియరు భోజనానికి వెళ్ళాడంటారు. ఆయన భోజనం ఒక్కోసారి వారం రోజులు సాగుతుంది.

అందుకని సంహిత ఒక ఉపాయం చెప్పింది.

"అక్కా, నువ్వొక క్రెడిట్ కార్డ్ తీసేసుకో. షాపింగ్ అంతా నీ కార్డ్ మీద స్వైప్ చెయ్. ప్రొడక్షన్ వాళ్ళు నీ అకౌంట్‌లో వేసేస్తారు, వాపసు ఇచ్చినవి షాప్ వాళ్ళు వేసేస్తారు. మధ్యలో పాయింట్స్ అన్నీ నీకే. ఫ్రీ మనీ అక్కా! పోయినేడు నేను దుబాయ్ పాయింట్స్ మీదే వెళ్ళొచ్చా, తెలుసా?"

దుబాయ్ సంగతి అబద్ధం కాదు. కాకపోతే సంహిత నాన్నగారికి జూబ్లీహిల్స్ కొండ మీద మూడంతస్తుల ఇల్లుంది. పాయింట్లు లేకపోయినా ఆ పిల్ల దుబాయ్ వెళ్ళేదే, తిరిగొచ్చి ఖర్జూరాలు పంచేదే. ఆ ముక్క ఆ రోజు మనోజకి తట్టలేదు. ఆమె చెవిలో పడింది ఒక్కటే. పాయింట్లతో విమానం ఎక్కవచ్చు. అప్పటికి మైత్రేయి వెళ్ళిపోయి నెల కూడా కాలేదు.

మైత్రేయి మనోజ అక్క కూతురు. అక్క నాగేశ్వరి, బావ సత్యనారాయణమూర్తి ఉండేది రాజమండ్రిలో. నాగేశ్వరికి రెండో కాన్పులో పుట్టిన పిల్లాడికి గుండెలో చిల్లు. ఆసుపత్రుల చుట్టూ తిరగడం మొదలైంది. "ఆరు నెలలు ఉంచుకోవే, వీడు గట్టెక్కగానే తీసుకెళ్ళిపోతాం" అని నాలుగేళ్ళ మైత్రేయిని చెల్లెలి చేతిలో పెట్టింది. మనోజకి పెళ్ళయింది, నిలవలేదు, ఆ సంగతి ఇక్కడ అనవసరం. పిల్లాడికి ఒక ఆపరేషన్ తర్వాత ఇంకోటి పడింది. ఆరు నెలలు కాస్తా ఆరేళ్ళయ్యాయి.

ఆ ఆరేళ్ళూ కృష్ణానగర్‌లో మల్లమ్మ గారి రెండో అంతస్తులో, ఒక గది, ఒక వంటగట్టు, ఒక కిటికీ ఉన్న ఆ కొంపలో, మనోజ రాజ్యమేలింది. పొద్దున్నే పిల్లకి రెండు జడలు వేసి యూసుఫ్‌గూడ బడిలో దింపడం, సాయంత్రం షూటింగ్ పేకప్ అయితే పరుగున రావడం. ఆలస్యమైతే మల్లమ్మ ఇంట్లో కూర్చుని అన్నం తింటూ ఉండేది పిల్ల. "నీ బిడ్డకు వంకాయ కూర వద్దంట, నా పానం తింటది" అని మల్లమ్మ మెట్ల మీదే ఎదురొచ్చి ఫిర్యాదు చేసేది. నీ బిడ్డ అన్న మాట వినడం కోసం మనోజ ఆ ఫిర్యాదులన్నీ సంతోషంగా భరించేది.

ఇంట్లోకి పిల్లల బట్టల మూట దిగిందంటే మైత్రేయికి పండగ. సినిమాలో హీరో చిన్నప్పటి చెల్లెలికోసమో, విలన్ కూతురికోసమో తెచ్చిన గౌన్లు ఒక్కొక్కటే వేసుకుని అద్దం ముందు గిరగిరా తిరిగేది. ట్యాగు మాత్రం మెడ వెనక లోపలికి దోపుకోవాలి. "తెగిందంటే డబ్బు కట్టాలే తల్లీ" అని మనోజ మొదటిరోజే చెప్పింది. పిల్ల మళ్ళీ చెప్పించుకోలేదు. గౌను తల మీదుగా దిగగానే చిన్న చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళి ట్యాగు లోపలికి నెట్టేసేది. మర్నాడు మూట కడుతుంటే ఏ గౌనైనా ఉంచమని ఏడ్చేది కాదు, పేచీ పెట్టేది కాదు. ఎంత బుద్ధిమంతురాలో అని మనోజ మురిసిపోయేది.

ఒకసారి బడికి సెలవై పిల్లని ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్‌కి వెంట తీసుకెళ్ళింది. ఆ రోజు విమానం సెట్టు వేశారు. బయటినుంచి చూస్తే ప్లైవుడ్డూ మేకులూ. లోపల మాత్రం అసలు సిసలు సీట్లు, గుండ్రటి కిటికీలు, కిటికీల అవతల నీలం గుడ్డ. లంచ్ బ్రేక్‌లో అందరూ అన్నాలకి పోతే మైత్రేయి వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా ఎదురు చూసింది.

"పిన్నీ, ఎప్పుడు లేస్తుంది?"

"ఇది లేవదే. సెట్టు."

"మరి లేచేది ఎక్కిస్తావా?"

"ఎక్కిస్తాను. నువ్వు కిటికీ పక్కన, నేను నీ పక్కన."

రాజమండ్రిలో పిల్లాడికి గుండె నయమైంది. మైత్రేయికి పదేళ్ళు నిండాయి. అక్కా బావా వచ్చి పిల్లని తీసుకెళతామన్నారు. కన్నవాళ్ళు కన్నబిడ్డని తీసుకెళ్ళడంలో తప్పు పట్టడానికేముంది? ఒక్క చిన్న తప్పు దొరికినా దాన్ని పట్టుకుని తిట్టుకుంటూ బతికేసేది మనోజ. అదీ దొరకలేదు. సికింద్రాబాద్ స్టేషన్లో రైలు కిటికీ ఊచల్లోంచి మైత్రేయి చెయ్యి బయటికి పెట్టి, "మళ్ళీ నన్ను విమానంలో తెచ్చుకుంటావు కదూ?" అంది.

"తెచ్చుకుంటానమ్మా. అందులోనే తెచ్చుకుంటా."

ఇంటికొచ్చి చూస్తే దువ్వెనలో పిల్ల వెంట్రుకలున్నాయి. ఆ దువ్వెన కడగడానికి ఆమెకి చాలా రోజులు పట్టింది.

కార్డు అలా వచ్చింది. దాన్ని మనోజ అప్పు పుట్టించే వస్తువుగా ఎన్నడూ చూడలేదు. పసుపు రాసి దేవుడి పటం ముందు పెట్టలేదన్న మాటేగానీ అంత పనీ చేసింది. కొట్టులో చీరల బిల్లు దాని మీదే. బియ్యం, సబ్బులు దాని మీదే. సందు చివర కిరాణా కొట్టువాడు కార్డు తీసుకోడని, వాడి దగ్గర చవగ్గా దొరికే కందిపప్పు మానేసి, ఏసీ సూపర్‌మార్కెట్‌కి నడిచి వెళ్ళి ఎక్కువ పోసి కొనేది. పాయింట్లు రావద్దూ! ఇంటావిడ మల్లమ్మ కరెంటు బిల్లు కూడా డబ్బు తీసుకుని తన కార్డు మీద కట్టేది.

"నా బిల్లు మీద వచ్చినయి గద పాయింట్లు, నాకేం లాభం మరి?" అని మల్లమ్మ గడపలో నిలబడి లెక్క అడిగింది ఒకరోజు.

"మైత్రేయిని విమానంలో తెస్తున్నానండీ. అందులో మీ పాయింట్లూ ఉంటాయి."

"గట్లనా? అయితే కానీయ్. జర జల్ది తే పోరిని. వంకాయ కూర తినెటోళ్ళే లేరు ఇంట్ల."

మనోజ మనసులో లెక్క ఒక్కటే. తను విమానంలో రాజమండ్రి వెళ్ళాలి. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని తీసుకురావాలి. సెలవులయ్యాక మళ్ళీ పక్కన కూర్చుని దింపి రావాలి. అన్ని టిక్కెట్లకీ సరిపడా పాయింట్లు కావాలి. ఫోన్లో కార్డువాళ్ళ యాప్ తెరిస్తే పైన ఒక అంకె కనిపిస్తుంది. ఆ అంకె పెరుగుతుంటే పిల్ల దగ్గరికొస్తున్నట్టే ఉండేది ఆమెకి.

పెరిగింది కూడా. కానీ ఏం పెరగడమో, రెండడుగులు పైకి, ఒకటిన్నర కిందికి. మధ్యలో కరోనా వచ్చి షూటింగులు ఆగిపోయాయి. వాడని పాయింట్లకి గడువు తీరిందని ఒకసారి కొన్ని ఎగిరిపోయాయి. ఇంకోసారి నిర్మాత డబ్బు ఆలస్యంగా వేశాడు. కార్డువాళ్ళు ఆ ఆలస్యానికి వేసిన వడ్డీ మనోజ జీతంలోంచే పోయింది. ఆ ఒక్క వడ్డీతో రాజమండ్రికి ఎన్నిసార్లు రైల్లో వెళ్ళిరావచ్చో ఆమె చూసుకోలేదు. పెద్ద పెద్ద మూటలు కొన్న నెలలో అంకె పెరిగి, మరుసటి నెలకి ఎందుకో తగ్గేది. బ్యాంకులన్నాక ఏదో ఒకటి కోస్తూనే ఉంటారు కదా అని సరిపెట్టుకుంది. ఆశ ఉన్న మనిషి ఎన్నిటికైనా సరిపెట్టుకుంటుంది.

ఈ ఏళ్ళలో తను రాజమండ్రి వెళ్ళింది రెండే సార్లు, రెండూ పెళ్ళిళ్ళకే. పందిట్లో వందమంది మధ్య పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చునేలోపు తిరుగు బస్సు వేళయింది. సినిమా పనిలో సెలవడిగితే మర్నాటికి ఆ పనిలో ఇంకొకరుంటారు.

వేసవి వచ్చిందంటే మైత్రేయి ఫోన్ చేసేది.

"సెలవులిచ్చారు పిన్నీ. రానా?"

"ఇంకొంచెం ఆగు తల్లీ. పాయింట్లు దగ్గరికొచ్చేశాయి. దర్జాగా తీసుకొస్తాగా నిన్ను."

మరుసటి వేసవికీ అదే ప్రశ్న, అదే జవాబు. ఇంకో వేసవికీ అంతే. ఆ తర్వాత పిల్ల అడగడం మానేసింది. చదువు గురించి, తమ్ముడి అల్లరి గురించి చెప్పి "ఉంటా పిన్నీ" అనేది. పెద్దదవుతోంది, అర్థం చేసుకుంటోంది అనుకుంది మనోజ. గౌన్ల మూట కడుతుంటే చూస్తూ ఊరుకున్న పిల్లని చూసి మురిసిపోయినట్టే, దీనికీ మురిసిపోయింది.

మైత్రేయికి పదహారు వచ్చాయి. ఇంటర్మీడియట్‌లో చేరింది. ఆ ఏడాది వానలు వెనకబట్టే రోజుల్లో సంహితకి ఒక పెద్ద సినిమా తగిలింది. అందులో పెళ్ళి సీను. మామూలు పెళ్ళి కాదు, పెళ్ళికూతురి వైపు పెత్తల్లులు, మేనత్తలు, వదినలు, అందరూ ఒకే రంగు వరసలో ధగధగలాడాలట. మనోజ జూబ్లీహిల్స్ కొట్లో పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చుని చీరలు ఏరింది. కార్డు మీద ఎంత వరకూ వాడుకోవచ్చో అంతా వాడేసింది. కొట్టులో తిరుమలేశ్ అనే సేల్స్‌మన్ మూటలు ఆటోలోకి ఎక్కిస్తూ, "అక్కా, నీ కార్డు ఇగ అరిగిపోతది" అని నవ్వాడు.

రెండు రోజుల తర్వాత జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు అలవాటుగా యాప్ తెరిచింది. అంకె చూసి నమ్మలేకపోయింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూసింది. చాలు. అన్ని టిక్కెట్లకీ చాలు. ఇంకా మిగులుతాయి కూడా. చుట్టూ హారన్లు మోగుతుంటే మనోజ ఆటోలో కూర్చుని ఏడ్చేసింది. డ్రైవరు అద్దంలో చూసి, ఎందుకొచ్చిన గొడవని, మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు.

అక్కడినుంచే అక్కకి ఫోన్ చేసింది.

"దసరా సెలవులకి మైత్రేయిని తీసుకొస్తున్నానక్కా. విమానంలో!"

"విమానమా? ఎందుకే అంత ఖర్చు?"

"ఖర్చేం లేదక్కా, అంతా పాయింట్లే. బావనడిగి తారీఖు చెప్పు. దానికివ్వు ఫోను."

మైత్రేయి ఫోన్ తీసుకుంది. మనోజ ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పింది. కిటికీ పక్కన సీటు, బెల్టు, మబ్బులు. అటునుంచి "సరే పిన్నీ" అని వినిపించింది. అంతే. అక్క పక్కనుంది కదా, సిగ్గుపడి ఉంటుంది అనుకుంది మనోజ.

బావ తారీఖు చెప్పడానికి కాలేజీ సెలవులు తేలాలి. అవి తేలేలోపు ఇక్కడ డైరెక్టరుకి జ్ఞానోదయమైంది. హంగూ ఆర్భాటమూ లేకుండా రిజిస్ట్రారు ఆఫీసులో, నూలు చీరలో పెళ్ళయితేనే కథలో బరువుంటుందట. మేనత్తలూ పెత్తల్లులూ ఒక్క మాటలో రద్దయిపోయారు. సంహిత తల పట్టుకుని, "అక్కా, ఎవ్రీథింగ్ రిటర్న్" అంది.

ఇది మనోజకి కొత్త కాదు. చీరలన్నీ ఒక్కొక్కటే విప్పి, చూసి, మళ్ళీ పాత మడతలోనే మడిచి మూటలు కట్టింది. తిరుమలేశ్ తిప్పి తిప్పి చూసి, "ఒక్క ట్యాగు గూడ తెగలే అక్కా. నీ లెక్క ఎవ్వరు తేరు" అన్నాడు. డబ్బంతా కార్డులోకి తిరిగి వేశాడు. అంత బరువు నెత్తి మీదనుంచి దిగినందుకు మనోజకి హాయిగా అనిపించింది. దారిలో పిల్లకిష్టమని జామకాయలు కొనబోయి, ఇప్పట్నుంచీ ఎందుకు, కుళ్ళిపోతాయని తనలో తనే నవ్వుకుంది.

తారీఖు తెలిసిన రోజు మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసుకుని, మంచం మీద కూర్చుని టిక్కెట్లు తీద్దామని యాప్ తెరిచింది. అంకె పాత చోటుకి వచ్చేసి ఉంది. పాత చోటుకి కూడా కాదు, ఈలోపు కొన్నిటికి గడువు తీరి, ఇంకొంచెం కిందికి.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసింది. చాలాసేపు సంగీతం వినిపించాక ఒకమ్మాయి పలికింది. మర్యాదగానే మాట్లాడింది.

"మీరు వస్తువులు వాపసు ఇచ్చారు కదా మేడమ్. వాపసు ఇచ్చినవాటి మీద వచ్చిన పాయింట్లు కూడా వాపసు అవుతాయండీ."

"ఎప్పట్నుంచమ్మా ఈ పద్ధతి?"

"మొదటినుంచీ అంతే మేడమ్."

మనోజ ఫోన్ పెట్టేసింది. ఇందులో ఎవరి మోసమూ లేదు. కొట్టువాడు డబ్బు తిరిగి ఇచ్చాడు, కార్డువాడు పాయింట్లు తిరిగి పుచ్చుకున్నాడు. ఏ దారినపోయే మనిషినడిగినా ఇది న్యాయమే అంటాడు. వాపసులతోనే ఇల్లు గడుపుకునే మనిషికి, పొద్దున లేస్తే వాపసు మూటలు మోసే మనిషికి, చీరతో పాటు పాయింటూ నడిచిపోతుందని తట్టకపోవడం ఏమిటి? తట్టలేదు. తట్టనివ్వలేదేమో కూడా. ఇన్నేళ్ళూ ఆ అంకె ఎందుకు తగ్గుతోందో ఒక్క ఫోన్ చేస్తే తెలిసేది. ఆ ఒక్క ఫోన్ చెయ్యడానికి ఆమె మనసొప్పలేదు.

మెట్ల మీద మల్లమ్మ ఎదురైంది. మనోజ ముఖం చూసి, "ఏమైంది? పోరి వస్తలేదా ఏంది?" అంది. మనోజ ఉన్నది చెప్పింది.

"నా కరెంట్ బిల్లుయి గూడ పోయినయా?"

"అవి ఉన్నాయండీ. మీవి వాపసు లేవుగా."

"గవ్వొక్కటే మిగిలినయన్నట్టు" అని మల్లమ్మ, నవ్వాలో వద్దో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రాజమండ్రికి ఫోన్ చెయ్యక తప్పదు. మనోజ ఆ పని సాయంత్రం దాకా వాయిదా వేసింది. చేస్తే అక్క ఎత్తలేదు, మైత్రేయే ఎత్తింది.

"విమానం కుదిరేట్టు లేదు తల్లీ. పాయింట్లు కొంచెం తగ్గాయి. ఈ ఒక్క ఏడాదీ ఓపిక పట్టావంటే—"

అటు బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్న చప్పుడు ఫోన్లో వినిపించింది.

"పిన్నీ, ఒకటడగనా? విమానం కావాలని నిన్నెవరడిగారు?"

"నువ్వేగదే. రైల్లోంచి చెయ్యి పెట్టి."

"నేనా? నాకు గుర్తు లేదు పిన్నీ."

మనోజ గోడకి ఆనుకుని కూర్చుంది.

"ప్రతి వేసవికీ రానా అని అడిగాను" అంది మైత్రేయి. గొంతులో కోపం లేదు, అదే మనోజకి భరించలేనిదైంది. "అడిగినప్పుడల్లా ఆగమన్నావు. మొదట్లో నమ్మాను. తర్వాత, రావద్దని చెప్పలేక అలా అంటున్నావనుకున్నాను. మళ్ళీ అడిగితే ఇబ్బంది పడతావని అడగడం మానేశాను. అమ్మ కూడా, పిన్ని పనిలో ఉంటుంది, విసిగించకు అంది."

"లేదే తల్లీ! నువ్వు... నిన్ను..." ఆరేళ్ళు పిల్ల కోసం అంగలార్చింది. ఆ పిల్ల అక్కడ, రైలెక్కితే తెల్లారేసరికి చేరే దూరంలో, పిన్నికి నేనక్కర్లేదని తనకి తాను నచ్చజెప్పుకుంటూ పెద్దదైపోయింది. పదకొండేళ్ళ మైత్రేయి ఎలా ఉండేదో మనోజకి తెలియదు. పన్నెండేళ్ళ మైత్రేయీ తెలియదు. ఇప్పుడు ఎన్ని పాయింట్లు పోసినా ఆ పిల్లలు దొరకరు.

"రా" అంది. "బస్సెక్కి రా. రేపే రా."

"బస్సు పడదు పిన్నీ, వాంతులవుతాయి. రైలుకొస్తా. సెలవులు పదో తారీఖు నుంచి."

చిన్నప్పుడూ దానికి బస్సు పడేది కాదు. ఆ సంగతి మర్చిపోయినందుకు మనోజ ఇంకోసారి ఏడ్చింది.

మర్నాడు కొట్టుకి వెళ్ళింది. సినిమా పని మీద కాదు. అమ్మాయిల డ్రెస్సుల వైపు వెళ్ళి, చిలకపచ్చ రంగులో, అంచున సన్నటి జరీ ఉన్న కుర్తా ఒకటి తీసింది. కొలత తెలియక కాసేపు తటపటాయించింది. అక్క పంపిన ఫొటో తిరుమలేశ్‌కి చూపించి, సైజు తేల్చుకుంది.

"ఒక్కటేనా అక్కా? ఇంకో పది తీస్త, తీస్కపోయి చూపిచ్చి తే."

"ఒక్కటే."

"కార్డు ఇయ్యి మరి."

మనోజ పర్సులోంచి నోట్లు తీసి కౌంటరు మీద పెట్టింది.

"ఇది వాపసు రాదు తిరుమలేశ్."

పదో తారీఖు దాటాక, పొద్దున్నే సికింద్రాబాద్ స్టేషన్లో రైలు ఆగింది. ఫొటో చూసి కూడా, దిగే జనంలో మనోజ కళ్ళు నడుమెత్తులోనే వెతుకుతున్నాయి. రెండు జడల కోసం, పదేళ్ళ ముఖం కోసం. "పిన్నీ" అన్న పిలుపు పైనుంచి వినిపించింది. తల ఎత్తి చూడవలసి వచ్చింది. పిల్ల తనకంటే పొడుగైపోయింది. ఒకే జడ, భుజానికి సంచి, అచ్చం నాగేశ్వరి నుదురు. పరాయివాళ్ళు నవ్వుకున్నట్టు నవ్వుకున్నారు. తర్వాత మనోజ ఆ సంచి లాక్కుని ముందు నడిచింది, ఏడుపు కనపడకూడదని.

కృష్ణానగర్ సందులో మల్లమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "అబ్బ, ఎంత పొడుగైనవే! వంకాయ తింటవా ఇప్పుడన్న?" అంటే మైత్రేయి "తింటానమ్మమ్మా" అంది. పైకొచ్చి గది చుట్టూ చూసింది. "ఇంత చిన్నదా పిన్నీ ఈ గది? నాకు పెద్ద హాలులా గుర్తుంది" అని నవ్వింది. కిటికీ దగ్గరికి వెళ్ళింది. అద్దం ముందు ఆగింది. అద్దంలో ఇప్పుడు ఆమె ముఖం పట్టడానికి కొంచెం వంగవలసి వచ్చింది.

స్నానం చేసి వచ్చాక మనోజ కుర్తా ఇచ్చింది. "వేసుకో" అంది, అంతే. మైత్రేయి వేసుకుంది. సరిగ్గా సరిపోయింది. చిలకపచ్చ రంగు ఆ పిల్ల ఒంటి మీద మెరిసిపోయింది. ఆమె చెయ్యి దానంతటదే మెడ వెనక్కి వెళ్ళింది. ట్యాగు పట్టుకుని లోపలికి దోపింది. చూసుకోకుండా, ఆలోచించకుండా, చిన్నప్పటిలాగే. అద్దంలో ఇటు తిరిగి, అటు తిరిగి చూసుకుంది.

"చాలా బాగుంది పిన్నీ. ఎప్పటికిచ్చెయ్యాలి?"

వెటకారం కాదది. మామూలుగానే అడిగింది. ఈ ఇంట్లో బట్టల గురించి ఆ పిల్లకి తెలిసిన పద్ధతి అదే. అందుకే ఆ ప్రశ్న మనోజ గుండెలో సూటిగా దిగింది. నాలుగేళ్ళప్పుడు మడత నలగకుండా వచ్చిన పిల్లని, పదేళ్ళప్పుడు మడత నలగకుండా పంపించింది తను. అక్కది కదా, ఎప్పటికైనా ఇచ్చెయ్యాలి కదా అని, ఉండిపోవే అని ఒక్కసారైనా అనలేదు. నువ్వు వెళితే నేనుండలేనే అని కూడా అనలేదు. పిల్ల ఏడవకుండా వెళ్ళింది అంటే, ఏడవకూడదని నేర్పింది తనే.

మనోజ సెట్టు పనికని నడుముకి కట్టుకునే చిన్న సంచిలోంచి కత్తెర తీసి పిల్ల వెనక నిలబడింది. దోపిన ట్యాగు బయటికి లాగింది.

"పిన్నీ! తెగితే డబ్బు కట్టాలి!" మైత్రేయి కంగారుగా ఆమె చెయ్యి పట్టుకుంది.

"కట్టేశానే."

దారం తెగిన చప్పుడు కూడా లేదు. ట్యాగు మనోజ అరచేతిలో పడింది. మైత్రేయి దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నెమ్మదిగా, చిన్నప్పుడు ఒక్క గౌనుకీ ఏడవని పిల్ల, పిన్ని భుజం మీద ముఖం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. భుజం అందడానికి వంగవలసి వచ్చింది. మనోజ ఆ తల నిమురుతూ నిలబడింది. ఊరుకోమని అనలేదు. ఏడవనిచ్చింది.

కింద మల్లమ్మ తాలింపు వేస్తున్నట్టుంది, ఆవాల చిటపట పైకి వినిపించింది. పది రోజులకి మళ్ళీ రైలెక్కించాలి. ఆ టిక్కెట్టు మైత్రేయి సంచిలోనే ఉంది. అది ఇద్దరికీ తెలుసు.

మైత్రేయి ముఖం తుడుచుకుని, ట్యాగు గుప్పిట్లో ఉంచుకునే, తలెత్తకుండా అంది. "పిన్నీ, మళ్ళీ వేసవికి..."

"రా" అంది మనోజ. ఆ పిల్లని ఇంకోసారి ఆ ప్రశ్న పూర్తిగా అడగనివ్వలేదు.